కుందారపల్లి దిబ్బ మీద ఏడు పేర్లు

దయ్యాల మీద నాకు నమ్మకం లేదు. ఈ ముక్క ముందే చెప్పుకోవడం మంచిది, లేకపోతే చివరికొచ్చేసరికి మీరే నన్ను అడుగుతారు. తెనాలి పోస్టాఫీసులో ముప్పై రెండేళ్ళు పనిచేశాను. చనిపోయినవాళ్ళ పేర వచ్చిన ఉత్తరాలు ఎన్ని వెనక్కి పంపానో లెక్కే లేదు. ఒక్కరంటే ఒక్కరు కూడా వచ్చి నా ఉత్తరమేదమ్మా అని అడగలేదు.

మా అక్క కూతురు సుధ హోసూరులో ఒక కంపెనీ ఆఫీసులో పనిచేస్తుంది. ఆమే ఫోన్లో చెప్పింది. "పిన్నీ, మా కంపెనీ బస్సు సాయంత్రం కృష్ణగిరి వైపు అమ్మాయిల్ని దింపుతుంది కదా, కుందారపల్లి దాటాక ఒక దిబ్బ వస్తుందిట. యూదుల సమాధులట. పొద్దుగూకే వేళకి ఒక ముసలావిడ అక్కడ నిలబడి ఆ పోయినవాళ్ళని పేరుపేరునా పిలుస్తుందిట. వాళ్ళు పలుకుతారట."

"యూదులేమిటే, కృష్ణగిరిలో?"

"ఏమో మరి. ఆ దిబ్బ దాటేదాకా బస్సులో ఎవరూ ఎవర్నీ పేరు పెట్టి పిలవరు. కిటికీలు మూసేస్తారు. నేను కళ్ళారా చూశాను."

సమాధుల సంగతి విని ఊరుకునేదాన్నేమో. బస్సు నిండా చదువుకున్న పిల్లలు నోరు మూసుకుని కూర్చుంటారన్న సంగతి మాత్రం నన్ను ఊరుకోనివ్వలేదు. బుధవారం బెంగుళూరులో దిగి హోసూరు బస్సెక్కాను.

జూజువాడిలో నా సంచి

జూజువాడి అంటే రాష్ట్రం సరిహద్దు. చెక్‌పోస్టు దగ్గర లారీలు అడ్డదిడ్డంగా ఆగి ఉన్నాయి. బస్సు కూడా ఆగింది కదా, ఒక కాఫీ తాగొద్దామని దిగాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది. గ్లాసు చేతికొచ్చేలోపు బస్సు కదిలిపోయింది, అందులో నా సంచి, అందులో నా మోకాళ్ళ మాత్రలు. నేను లబోదిబోమంటుంటే కాఫీ కొట్టాయన మాత్రం నింపాదిగా చక్కెర కలుపుతున్నాడు.

"యాడికి పోతాదమ్మా ఆ బస్సు? హోసూరు బస్టాండు దాటి పొయ్యేది లేదు. ఉండండి, చెప్తా." ఎవరికో ఫోను చేశాడు. అవతలివాళ్ళతో అరవంలో మొదలుపెట్టి, మధ్యలో కన్నడంలోకి దిగి, పెట్టేసేటప్పుడు తెలుగులో "సరేప్పా" అన్నాడు. మా తెనాలిలో ఒక్క భాషలోనే సరిగ్గా మాట్లాడుకోలేక పోట్లాడుకుంటాం. చిన్న గ్లాసు కాఫీ పదిహేను రూపాయలు. అంత చిక్కటి కాఫీకి ఇరవై ఇవ్వమన్నా ఇద్దును.

సంచి దొరికిందన్న కబురు వచ్చాక, కృతజ్ఞతగా, ఎందుకొచ్చానో ఆయనకు చెప్పాను. అప్పటిదాకా నవ్వుతున్న మనిషి గ్లాసు కింద పెట్టేశాడు.

"మునెమ్మ దిబ్బకా? పోండమ్మా, చూసి రాండి. ఒగటే మాట. ఆడ ఏ పేరు వినపడినా మీరు పలకొద్దండి."

"నన్నెవరు పిలుస్తారండీ అక్కడ?"

"మిమ్మల్ని పిలవరు. అదే చెప్తా ఉండాను. మీ పేరు గాకపోయినా నోరు ఊరికే ఉండదు." ఇంకో గిరాకీ వైపు తిరిగాడు.

నేను పెదవి విరిచాను. ఆటోలో కూర్చున్నాక మాత్రం ఆ మాటే రెండుసార్లు గుర్తొచ్చింది.

కుందారపల్లి దాటాక

గురువారం సుధ సెలవు పెట్టింది. మధ్యాహ్నం స్కూటీ మీద బయల్దేరాం. శూలగిరి దాకా కొండలు పక్కపక్కనే నడిచి వస్తాయి, అన్నీ బోడి రాతికొండలు. కుందారపల్లి దాటాక హైవే వదిలి మట్టిదారి పట్టాం. దారికి రెండు పక్కలా ప్లాట్ల కోసం రాళ్ళు పాతి వాటి నెత్తిన ఎర్ర రంగు పూశారు. ఆ రాళ్ళు దిబ్బ మొదలుదాకా వచ్చి ఆగిపోయాయి.

దిబ్బ పెద్ద ఎత్తేమీ లేదు. పైన తంగేడు పొదలు, సీమజాలి ముళ్ళచెట్లు, మధ్యలో చదునుగా కొంచెం జాగా. అందులో ఏడు రాళ్ళకుప్పలు, ఒకే వరసలో, మనిషి పొడుగున. చివరిది మాత్రం నా చెయ్యంత ఉంది. ఒక్క దానికీ పలక లేదు, పేరు లేదు. ప్రతి కుప్ప మీదా గులకరాళ్ళు పేర్చి ఉన్నాయి, నున్నటివి, ఆ దిబ్బ మీద ఎక్కడా దొరకని రకం. హైవే కనుచూపు మేరలోనే ఉంది. లారీలు పోతున్నాయి. అయినా ఆ ఏడు కుప్పల మధ్య నిలబడితే వాటి చప్పుడు అందడం లేదు. సుధ నా చెయ్యి పట్టుకుంది.

"వెళ్ళిపోదాం పిన్నీ."

"ఇంత దూరం వచ్చి వెళ్ళిపోవడమేమిటే?" అని కసిరాను. నిజం చెప్పాలంటే నాకూ వెళ్ళిపోవాలనే ఉంది.

ఎండ తగ్గి కొండల నీడలు చేలల్లోకి దిగాక గొర్రెలు వచ్చాయి. ముప్పై, నలభై ఉంటాయి. మెడలో గంటలు లేవు, కాలి చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. వాటి వెనక డెబ్బై దాటిన మనిషి, నల్లగా, సన్నగా, చీర మోకాళ్ళ దాకా ఎగగట్టి, చేతిలో కర్ర. మా వైపు చూడలేదు. ఏడు కుప్పలకీ ఎదురుగా నిలబడి గొంతు సవరించుకుంది.

"హెస్కేలప్పా!"

మందలోంచి ఒక గొర్రె "మే" అంది. ఒక్కటే. మిగతావి కదల్లేదు.

"రిబ్కమ్మా!"

ఇంకో చోట నుంచి ఇంకో గొంతు. "దావుదప్పా! సారమ్మా! ఎలియాసప్పా! హన్నమ్మా!" పిలిచిన ప్రతిసారీ ఒక్కటే పలికింది. పొరపాటున కూడా రెండు పలకలేదు. చివరి పేరుకి ఆవిడ గొంతు తగ్గించింది, నిద్రపోతున్న పిల్లను లేపినట్టు. "మోజేలూ..."

కాసేపు ఏమీ లేదు. ఆ కాసేపట్లో నా నోరు తెరుచుకుంది. ఒట్టు, పలకబోయాను. పలకకపోతే ఘోరం జరిగిపోతుందనిపించింది. అంతలో మంద చివర సన్నగా ఒక పిల్లగొర్రె అరిచింది. ముసలావిడ అప్పుడు మా వైపు తిరిగి, మేము రోజూ వచ్చేవాళ్ళమే అన్నట్టు, "అన్నం తిన్నారా?" అంది.

దొడ్డి గడప

ఆవిడే మునెమ్మ. దిబ్బకు అవతల పదిళ్ళ పల్లె. చేలకీ ఇళ్ళకీ చుట్టూ మనం ముళ్ళకంచె వేసే చోట వీళ్ళు రాతి కూసాలు నిలబెడతారు. రాయి ఈ దేశంలో అంత చవక. వాకిట్లోనే గొర్రెల దొడ్డి. మా చేతుల్లో రాగిముద్ద పెట్టి, పితికిపప్పు పులుసు పోసింది. అనపగింజల్ని నానబెట్టి, తోలు పితికి తీసేసి వండుతారు. గుంటూరు కారానికి అలవాటుపడ్డ నాలుక, ఇదేమిటి చప్పగా అనుకుంటూనే రెండుసార్లు పోయించుకుంది. ముద్దను నమలకూడదట, మింగాలట. నేను నమిలితే ఆవిడ నవ్వింది.

ఆవిడ కొడుకు నారాయణ, నలభై ఏళ్ళవాడు, ముద్ద మింగుతూ కథలో తనవంతు అందించాడు.

ప్లేగు కాలంలో బెంగుళూరు దండు, అంటే కంటోన్మెంటు, నుంచి ఒక వ్యాపారి కుటుంబం పారిపోయి వచ్చి ఆ దిబ్బ మీద గుడారాలు వేసుకుందట. "తెల్లోళ్ళు గాదు, సాయిబులు గాదు. యాడనో సముద్రం అవతల ఊరంట వాళ్ళది," అంది మునెమ్మ. జబ్బు వాళ్ళకంటే ముందే బయల్దేరింది కాబోలు, నెల తిరక్కుండా ఏడుగురు పోయారు. మిగిలింది ఎజ్రా అనే ఒక్కడు. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు భయపడి దారి మళ్ళించి నడిచారు. గోతులు తవ్వింది మునెమ్మ మామగారి తాత, గొర్రెలు కాసుకునే మనిషి.

"తవ్వినాక ఆ ఎజ్రప్ప ఏడస్తా కూకున్నాడంట. ఏమప్పా అంటే, మా వాళ్ళకి చదవాల్సిన మాట ఒగటుంది, అది ఒంటిగా చదవకూడదు, పదిమంది నిలబడాల, నేను చదివితే వాళ్ళు పలకాల అన్నాడంట. పదిమందిని యాడనించి తెచ్చేది? మా తాత పొయ్యి తొమ్మిది గొర్రెల్ని తోలుకొచ్చి నిలబెట్టినాడు. తను ఒగడు. లెక్క సరిపాయె గదా?" అంది మునెమ్మ.

నేను నవ్వబోయి ఆగిపోయాను. తర్వాత ఇంటికొచ్చి చదివితే తెలిసింది, యూదుల్లో అది నిజమే. పోయినవాళ్ళ కోసం చదివే ఆ ప్రార్థనకి పదిమంది మగవాళ్ళు ఉండాలి, మధ్యమధ్య ఆమెన్ అని పలకాలి. సమాధి మీద పువ్వులకు బదులు గులకరాయి పెట్టడం కూడా వాళ్ళ ఆచారమే. కాపరికి అదంతా ఎలా తెలుస్తుంది? పలికే ప్రాణాలు పది కావాలన్నంతవరకే అర్థమైంది. తన దగ్గరున్న ప్రాణాలు తెచ్చాడు.

"ఆ ఎజ్రప్ప ఏం చేశాడు మరి?"

"చదివినాడంట. గొర్రెలు పలికినాయంట. పోతా పోతా మా తాత చేతులు పట్టుకోని, నువ్వుండేదాకా వీళ్ళని పిలస్తా ఉండప్పా, పేరు పిలిస్తే పలికేదానికి ఒగ ప్రాణం ఉండాల అన్నాడంట. కొన్నేండ్లు వచ్చి రాళ్ళు పెట్టి పోయినాడు. ఆమీట రాలే."

అప్పట్నుంచి ఏడు పేర్లూ ఏడు గొర్రెలకి పెట్టి పొద్దుగూకే వేళ పిలుస్తున్నారు. గొర్రె ముసలిదైతే, అది బతికుండగానే దాని మీద చెయ్యి వేసి ఆ పేరు కొత్తపిల్ల చెవిలో చెప్పాలి. పేరు అలా దాటాలి. దాటకముందే గొర్రె పోతే పేరు కూడా పోయినట్టే. సమాధి పలకలు ఎప్పుడో ఎవరో ఎత్తుకుపోయారు. ఒకటి మాత్రం వీళ్ళ దొడ్డికి గడపగా ఉంది. సెల్‌ఫోన్ వెలుతురులో చూశాను. గొర్రెల కాళ్ళకి అరిగి అరిగి అక్షరాలు ఇంక చదవడానికి లేవు. మిగిలింది ఆవిడ నోరొక్కటే.

నేను గబగబా నోటుబుక్కు తీసి ఏడు పేర్లూ రాసి ఆవిడకు గర్వంగా చూపించాను. "చూశారా, ఇంక ఎక్కడికీ పోవు."

మునెమ్మ పేజీని అటూ ఇటూ తిప్పింది. "పిలిస్తే పలుకుతాదా ఇది?" అని తిరిగి ఇచ్చేసింది. నా ముఖం మాడిపోయింది.

అసలు సంగతి అప్పుడు బయటపడింది. మేపుకునే బీళ్ళన్నీ ప్లాట్లయిపోయాయి. నారాయణకి హోసూరులో ఒక కంపెనీ గేటు దగ్గర పని దొరికింది. తెల్లవారితే శుక్రవారం, కుందారపల్లి గొర్రెల సంత. మందను అమ్మేస్తున్నారు, ఆ ఏడింటిని తప్ప.

"ఆ ఏడు మా అమ్మ ప్రాణం అక్కా," అన్నాడు నారాయణ. "వాటి జోలికి నేను పోను."

"ఆ ఏడింటి చెవికి రంగన్నా పూయించండి, మందలో కలిసిపోతాయేమో," అంది సుధ.

మునెమ్మకి కోపం వచ్చింది. "పేరుండేదానికి గుర్తెందుకమ్మా? నీ మొగానికి రంగు పూసుకోని తిరగతా ఉండావా నువ్వు?"

శుక్రవారం సంత

నారాయణ చెడ్డవాడు కాదు. తెల్లవారకముందే వ్యాను వచ్చింది. తల్లి ఒళ్ళు వెచ్చగా ఉందని లేపబుద్ధి కాలేదు. తనకి తెలిసిన గుర్తుల మీద ఏడింటిని దొడ్డిలో వదిలి మిగతావి ఎక్కించుకుపోయాడు. మునెమ్మ లేచి దొడ్డిలోకి చూసింది. ఏడు గొర్రెలున్నాయి. పిలిచింది. ఒక్కటీ పలకలేదు.

రాత్రి హోసూరు వెళ్ళిపోయి, సంత చూద్దామని పొద్దున్నే మళ్ళీ ఆ పల్లెకి వచ్చిన మాకు గడప మీద కూర్చున్న ఆవిడ కనిపించింది. ఏడవడం లేదు. అది చూసి నాకు ఇంకా భయమేసింది. సుధ ముందు, నేను వెనక, మధ్యలో మునెమ్మ, స్కూటీ మీద ముగ్గురం సంతకి పోయాం. దారిలో పోలీసులు ఎదురు కాకపోవడం మా అదృష్టం.

సంతలో నేల ఈనినట్టు గొర్రెలు, మేకలు. తువ్వాలు కింద చేతులు కలిపి వేళ్ళతో బేరాలాడుకునేవాళ్ళు, దుమ్ము, అరుపులు, ఒక పక్క వేడివేడి బోండాలు. నారాయణ మమ్మల్ని చూసి తెల్లబోయాడు. సంగతి తెలిశాక నెత్తి మీద చెయ్యి పెట్టుకుని కింద కూలబడ్డాడు. మంద మొత్తం అప్పటికే నాలుగైదు చేతులు మారి, వేర్వేరు వ్యాన్లకి ఎక్కేసింది.

"వెనక్కి కొనుక్కోవచ్చుగా," అన్నాను.

"అమ్మి తాడు చేతులు మార్చినాక ఎనక్కి తెచ్చేది మా ఇంట్లో లేదమ్మా. తెస్తే ఇల్లు నిలబడదు," అంది మునెమ్మ. అని, ఆ వ్యాన్ల మధ్యకి పోయి నిలబడి, నిన్నటి గొంతుతోనే పిలిచింది.

"హెస్కేలప్పా!"

వందల గొర్రెల రొదలోంచి, ఎర్ర వ్యాను వెనక నుంచి, ఒకటి పలికింది.

అటుగా పోతున్న బేరగాళ్ళు మొదట నవ్వారు. రెండో పేరుకి ఇంకో వ్యాను నుంచి జవాబొచ్చింది. మూడో పేరుకి నవ్వు ఆగింది. నాలుగో పేరుకి పక్కనున్న ముసలి బేరగాడు తలపాగా తీసి చేత పట్టుకున్నాడు. మునెమ్మ ప్రతి గొర్రె దగ్గరికీ పోయింది. కమ్మీల మధ్య నుంచి చెయ్యి దూర్చి దాని తల మీద పెట్టింది. రెండో చేత్తో కొడుకు చెవి పట్టుకుని వంచింది.

"అమ్మా, ఏం చేస్తా ఉండావు?"

"సుమ్నే ఉండు. దొడ్లో ఉండేటివి ఈడికి రావు గదా, ఇంకెవురుండారు నాకు?" అంటూ ఆ పేరు అతని చెవిలో చెప్పింది. నలభై ఏళ్ళ మనిషి నడిసంతలో చెవి అప్పగించి వంగి నిలబడ్డాడు. ఆరు సార్లు.

ఏడోది దొరకలేదు. "మోజేలూ" అని ఎంత పిలిచినా జవాబు లేదు. ఆ వ్యాను పొద్దున్నే బెంగుళూరు దారి పట్టిందని ఎవరో చెప్పారు. నారాయణ నంబరు వెతుకుతుంటే సుధ అతని ఫోను లాక్కుని ఆ బేరగాడికి కలిపింది. వ్యాను జూజువాడిలో లారీల వెనక ఇరుక్కుని ఉందట. విషయం ఎలా చెప్పిందో దానికే తెలియాలి, మొత్తానికి ఆయన తిట్టుకుంటూనే దిగి ఫోనుని గొర్రెల మధ్య పెట్టాడు. ఇవతల మునెమ్మ నారాయణ ఫోనుని రెండు చేతులా పట్టుకుంది.

"మోజేలూ..."

ఫోనులో హారన్లు. ఇంజన్ల చప్పుడు. ఆ తర్వాత, ఎక్కడి నుంచో, సన్నటి "మే".

"బతికే ఉండాది," అంది. ఫోను మీద అరచెయ్యి అలాగే ఉంచి, కొడుకు చెవిలో చివరి పేరు చెప్పింది. నేను ఒక వ్యాను చక్రానికి ఆనుకుని వెక్కివెక్కి ఏడ్చాను. సిగ్గేమీ పడలేదు.

దిబ్బ మీద

ఆ సాయంత్రమే నేను బయల్దేరాలి. ఉండిపోయాను.

పొద్దు కొండ వెనక్కి దిగాక నలుగురం దిబ్బ ఎక్కాం. గొర్రెలు లేని దిబ్బ మరీ పెద్దదిగా కనిపించింది. గాలి లేదు, తంగేడు ఆకు కదల్లేదు. సుధ వాళ్ళ కంపెనీ బస్సు దూరంగా హైవే మీద పోతోంది, కిటికీలన్నీ మూసి. నారాయణ కుప్పలకి ఇవతల చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మునెమ్మ ఎదురుగా నిలబడి గొంతు సవరించుకుంది.

"హెస్కేలప్పా!"

చాలాసేపు ఎవరూ పలకలేదు. మళ్ళీ నా నోరు తెరుచుకోబోయింది. కొట్టాయన మాట గుర్తొచ్చి రెండు చేతులా నోరు మూసుకున్నాను.

"ఈడుండా," అన్నాడు నారాయణ.

అది నారాయణ గొంతే. కానీ సంతలో విన్న గొంతు కాదు. ఎవరో పెద్దాయన, దూరం నడిచి అలిసిపోయినవాడు పలికినట్టుంది. రిబ్కమ్మ పేరుకి పలికినప్పుడు ఇంకొకలా ఉంది. నా చెవుల భ్రమే అయ్యుండొచ్చు. సుధ కూడా అలాగే విన్నానంది, తర్వాత. దావుదప్ప, సారమ్మ, ఎలియాసప్ప, హన్నమ్మ. ఒక్కొక్క పేరుకీ ఒక్కొక్క "ఈడుండా". మోజేలు పేరుకి ఆ నలభై ఏళ్ళ మనిషి గొంతులోంచి వచ్చిన చిన్న మాట నేను ఇక్కడ రాయలేను. నేను కింద కూర్చుండిపోయాను.

అయిపోయిందనుకున్నాం. సుధ నన్ను లేపడానికి చెయ్యి ఇచ్చింది. మునెమ్మ మాత్రం కదల్లేదు. కర్ర రెండు చేతులా పట్టుకుని, చీకటి పడుతున్న వైపు తిరిగి, ఇంకోసారి పిలిచింది.

"మునెమ్మా!"

నారాయణ అదిరిపడ్డాడు. "ఏందిమా ఇది? నువ్వుండంగా నీ పేరుకి నేనెట్ల పలికేది?"

"పేరు దాటాలంటే నేను ఉండంగానే దాటాల గదరా. ఆ పొద్దు వచ్చి నీ చెవిలో చెప్పేదానికి నేనుండను." మళ్ళీ పిలిచింది. "మునెమ్మా!"

అతను తలకాయ అడ్డంగా ఊపాడు. ఏడుస్తున్నాడు. ఆవిడ ఆగింది, ఎంతసేపైనా ఆగేలా ఉంది. చివరికి అతని పెదవులు కదిలాయి.

"ఈడుండా."

మునెమ్మ చెవి ఒగ్గి వింది. తృప్తి పడలేదు.

"గట్టిగా పలుకు నారాయణా," అంది. "అప్పుటికి నేను దూరం పొయ్యుంటా గదా, వినపడాల."